గోడ నింపడం కోసం పిల్లల చేత బొమ్మలు చేయించకండి: ప్రీస్కూల్ యాజమాన్యాలకు ఒక టీచర్ బహిరంగ లేఖ

ప్రీస్కూళ్లు నడిపే యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, మాకు లెసన్ ప్లాన్లు తయారుచేసి పంపే కోఆర్డినేటర్లకు నమస్కారం.

నేను మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చదువు చెప్పే టీచర్‌ని. అడగాల్సింది సూటిగానే అడిగేస్తాను. డిస్‌ప్లే బోర్డు నింపడం కోసం పిల్లల చేత ఆర్ట్ చేయించమని మమ్మల్ని అడగడం ఆపండి. బోర్డు ఉండనివ్వండి, దాని మీద బొమ్మలూ ఉండనివ్వండి. అక్కడ ఏం కనిపించాలో ముందే తేల్చేసి, దానికి తగ్గట్టు పిల్లల చేతులు పట్టుకుని కదిలించమనడం మాత్రం ఇక వద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు తరగతిలో జరిగేది ఇది. నెల మొదట్లో థీమ్ వస్తుంది, కీటకాలు అనుకుందాం. దాంతోపాటే శాంపిల్ వస్తుంది, ఒక సీతాకోకచిలుక. ముందురోజు సాయంత్రం టీచర్ కూర్చుని అట్టముక్కతో అచ్చు కోసుకుని, దాని చుట్టూ పెన్సిల్ తిప్పి, ముప్పై జతల రెక్కలు గీసి, కత్తిరించి, కవర్లో పెట్టుకుని వస్తుంది. పిల్లలు వచ్చాక ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచి, తనే గమ్ రాసి, ఇదిగో ఇక్కడ అంటించు అంటుంది. కాస్త పక్కకి అంటిస్తే తీసి మళ్లీ సరిగ్గా పెడుతుంది. కళ్లు మాత్రం తనే పెడుతుంది, కళ్లు వంకరపోతే మొత్తం పాడవుతుంది కదా. ఒక్కో బిడ్డకు దక్కేది రెండు మూడు నిమిషాలు, మిగతా సమయమంతా తన వంతు ఎప్పుడొస్తుందా అని చేతులు కట్టుకుని కూర్చోవడమే. సాయంత్రానికి ముప్పై సీతాకోకచిలుకలు అచ్చుగుద్దినట్టు ఒకేలా బోర్డెక్కుతాయి, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. ఆ పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

అందులో ఆ బిడ్డ తీసుకున్న నిర్ణయం ఒక్కటైనా ఉందా? ఏ రంగు, ఎంత పెద్దది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఇక చాలు అని ఎవరనుకోవాలి? బొమ్మలు వేయడంలో పిల్లలు నేర్చుకునేదంతా ఈ నిర్ణయాల్లోనే ఉంటుంది, వాటన్నిటినీ మనమే తీసేసుకుని, మిగిలిన అంటించే పనిని వాళ్లకిచ్చి, దానికి క్రియేటివిటీ అని పేరు పెడుతున్నాం. టైమ్‌టేబుల్‌లో ఆర్ట్ పీరియడ్ అని రాసుంది కాబట్టి ఆర్ట్ జరిగిందనుకుంటున్నాం.

మూడేళ్ల పిల్ల కాగితం మీద గీస్తుంటే పెద్దవాళ్లు పిచ్చిగీతలని పక్కన పెట్టేస్తారు. ఆ గీతల్నే ఏళ్ల తరబడి కూర్చుని చూసినవాళ్లు ఉన్నారు. రోడా కెల్లాగ్ అనే అమెరికన్ నర్సరీ టీచర్ చిన్నపిల్లల బొమ్మలు లక్షల కొద్దీ సేకరించి, పక్కపక్కన పరిచి చూసి, అవి చేతికొచ్చినట్టు పడ్డ గీతలు కావనీ, చుక్క, నిలువు గీత, అడ్డగీత, ఏటవాలు గీత, మెలిక, సుడి, ఇలా 20 రకాల మూల గీతలుగా వాటిని విడదీయొచ్చనీ చూపించారు. ఆ గీతల నుంచి పిల్లలు గుండ్రాలకు, చతురస్రాలకు, ప్లస్ గుర్తులకు వస్తారు, ఒకదానిలో ఒకటి పెట్టి చూస్తారు, గుండ్రం చుట్టూ కిరణాల్లా గీతలు లాగుతారు, ఆ సూర్యుడి లాంటి ఆకారంలోంచే కొన్నాళ్లకు మనిషి పుట్టుకొస్తాడు. పిల్లల ఆర్ట్ మీద పరిశోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన తన పుస్తకంలో దాదాపు రెండు నుంచి నాలుగేళ్ల దాకా సాగే ఈ దశనే మెట్లుగా విడగొట్టి చెప్పారు: మొదట అదుపు లేని గీత, తర్వాత చెయ్యి చెప్పినట్టు వినే గీత, తర్వాత గుండ్రాలు, ఆ తర్వాత గీసినదానికి ఓ పేరు పెట్టడం. ఏ మెట్టునీ దాటేయించలేం. మనం చేయగలిగింది కాగితం ఇచ్చి, సమయం ఇచ్చి, దగ్గర కూర్చోవడం.

మా తరగతిలో ఒక అబ్బాయి, నాలుగేళ్లు ఇంకా నిండలేదు, ఎప్పుడు చూసినా సుడులే గీసేవాడు. క్రేయాన్ గుప్పిట్లో బిగించి పట్టుకుని, భుజం నుంచి చెయ్యంతా తిప్పుతూ, కాగితం చిరిగేదాకా. ఆ రోజు ప్లాన్‌లో ఉన్నది పువ్వు కలరింగ్ షీట్, గీత దాటకుండా ఎరుపు నింపాలి. వాడు షీట్ తిరగేశాడు. వెనకవైపు ఖాళీగా ఉంది కదా, అక్కడ సుడి మొదలుపెట్టి, తిప్పుతూ తిప్పుతూ మధ్యలో ఆగి, చాలా నెమ్మదిగా, నాలుక బయటపెట్టి మరీ, గీతని తెచ్చి మొదలైన చోట కలిపాడు. కలిసింది. కాసేపు దాన్నే చూశాడు. పక్కనే ఇంకోటి గీశాడు, చిన్నది, అదీ కలిసింది. కాగితం నిండా మూతపడిన గుండ్రాలు నింపేశాక ఒకదానిలో రెండు చుక్కలు పెట్టి, కింద రెండు పొడుగు గీతలు లాగి, "నాన్న" అన్నాడు. మెడ లేదు, పొట్ట లేదు, తలకాయ నుంచే కాళ్లు. చాలా దేశాల పిల్లల బొమ్మల్లో మొదటి మనిషి ఇలాగే కనిపిస్తాడు.

ఆ షీట్ ఫైల్లోకి వెళ్లింది, పువ్వు వైపు పైకి ఉండేలా. పువ్వులో రంగు లేదు కాబట్టి అసంపూర్తి అని గుర్తు పడింది. నాకు కోపం వచ్చింది, దాచుకోను. గీత మీద ఆ అదుపు, మూసిన ఆకారంలో లోపల ఏది, బయట ఏది అన్న తెలివిడి, ఒక గుర్తు ఒక మనిషికి బదులుగా నిలబడగలదన్న ఎరుక, ఇవన్నీ రేపు అక్షరం రాయడానికీ చదవడానికీ కూడా కావాల్సినవే. ఒక్క పూటలో నా కళ్లముందు జరిగిన అంత పెద్ద సంగతికి మన ఫైల్లో చోటు లేకపోయింది.

ఇంకో సంగతి. నాలుగైదేళ్ల పిల్లలు బస్సు వేస్తే లోపలున్న మనుషులు కాళ్లతో సహా కనిపిస్తారు, బస్సుకు ఒకే పక్క నాలుగు చక్రాలూ ఉంటాయి. తప్పు వేశావు, రెండే కనిపిస్తాయి అని సరిదిద్దేవాళ్లను చూశాను. జార్జ్ హెన్రీ ల్యూకే అనే ఫ్రెంచ్ పరిశోధకుడు 1927లోనే వివరంగా రాశారు: ఆ వయసు పిల్లలు కంటికి కనబడేదాన్ని కాకుండా తమకు తెలిసినదాన్ని గీస్తారని. బస్సుకు నాలుగు చక్రాలున్నాయని వాళ్లకు తెలుసు, అందుకే నాలుగూ వేస్తారు. మనం సరిదిద్దితే ఆ బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే, తన బుర్రలో ఉన్నది కాగితం మీద పెడితే టీచర్‌కి నచ్చదని.

ఇక ఆర్ట్ సూత్రాల సంగతికొద్దాం. గీత, ఆకారం, రంగు, టెక్స్చర్ (నునుపూ గరుకూ), ఖాళీ జాగా అనేవి మూలకాలు. సమతూకం, లయ, పునరావృతి, కాంట్రాస్ట్ (పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడటం), నిష్పత్తి, దేన్ని ముందుకు తెచ్చి చూపించాలి అన్నవి సూత్రాలు. ఈ మాటలు ఎత్తితే కొందరు కోఆర్డినేటర్లు ఇంత చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకండీ అంటారు. ఇంకొందరు సరే బాగుందని వాటికీ ఫ్లాష్ కార్డులు తయారుచేసి, వాట్ ఈజ్ బ్యాలెన్స్ అని అడిగించి జవాబు బట్టీ పట్టిస్తారు. రెండు దారులూ నాకు సమ్మతం కాదు. ఈ సూత్రాలు టీచర్‌కి తెలియాలి, క్షుణ్ణంగా తెలియాలి. పిల్లలు వాటిని చేతుల్తో కనుక్కుంటున్నప్పుడు, ఇదిగో ఇది జరుగుతోంది అని గుర్తుపట్టగలిగేది అప్పుడే.

చెక్క బ్లాకులే తీసుకోండి. న్యూయార్క్‌లో నర్సరీ బడి నడిపిన హారియెట్ జాన్సన్, పిల్లలు బ్లాకులతో ఏ వరుసలో ఏం చేస్తారో 1933లో రాసి పెట్టారు. మొదట ఊరికే మోసుకు తిరుగుతారు, తర్వాత వరుసగా పేరుస్తారు లేదా ఒకదానిమీద ఒకటి ఎత్తుతారు, తర్వాత రెండింటి మధ్య వంతెన వేస్తారు, చుట్టూ గోడ కట్టి మూస్తారు, ఆ తర్వాత ఇటు ఒకటి పెడితే అటూ ఒకటి పెట్టడం మొదలవుతుంది. ఎవరూ చెప్పరు. ఎడమ పక్క త్రికోణం పెట్టిన పిల్ల కుడిపక్కకు అలాంటిదే కావాలని బుట్టంతా వెతుకుతుంది, దొరక్కపోతే ఏడుస్తుంది కూడా. సమతూకం అంటే అదే కదా, ఆ పిల్ల ఒంట్లోనే ఉంది. ఆ సమయంలో టీచర్ పక్కన కూర్చుని, "ఇటు పక్కా అటు పక్కా ఒకేలా రావాలని చూస్తున్నావు, త్రికోణం లేకపోతే దానికి సరిపడేది ఇంకేం పెట్టొచ్చు?" అంటే, రెండు చిన్న ముక్కలు కలిపి పెట్టి చూస్తుంది. డిజైన్ కాలేజీలో కూర్చోబెట్టి చెప్పే పాఠం నేల మీద జరిగిపోతుంది.

రంగుల విషయంలో అయితే మనం చేసే నష్టం మరీ ఎక్కువ. పన్నెండు రంగుల డబ్బా ఒకేసారి ముందు పెడతాం, పిల్లలు అన్నీ కలిపేస్తారు, బురద రంగు వస్తుంది, అప్పుడు కలపకు కలపకు అని అరుస్తాం. ఒకసారి రెండే రంగులివ్వండి, పసుపు, నీలం, అంతే. ఎరుపు ఆ రోజు కనబడనే కూడదు. పసుపు ఎక్కువ, నీలం చాలా తక్కువ, ఎందుకంటే పసుపులోకి చుక్క నీలం పడితే చాలు రంగు మారిపోతుంది, అదే నీలాన్ని మార్చాలంటే పసుపు చాలా వేయాల్సి వస్తుంది. మా దగ్గర ఒక పిల్ల నీలం బ్రష్ కడగడం మర్చిపోయి పసుపులో ముంచింది, గీత కొసకు వచ్చేసరికి అది ఆకుపచ్చగా తేలింది. బ్రష్ వంక చూసింది, డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. నేనేమీ అనలేదు. మళ్లీ నీలంలో ముంచి పసుపు మీద రుద్దింది, ముదురు పచ్చ. మళ్లీ, ఈసారి బ్రష్ కొసతో, లేతపచ్చ. ఆ పూటంతా కాగితం మీద బొమ్మంటూ ఏదీ లేదు, లేతపచ్చ నుంచి దాదాపు నీలం దాకా మచ్చలే, పక్కపక్కన, వరుసగా. ఆ కాగితాన్ని నేను బోర్డు మీద పెట్టలేకపోయాను, థీమ్‌కి సంబంధం లేదన్నారు. ఆ నెల గోడ మీదున్న వాటన్నిటిలోకీ ఎక్కువ ఆలోచన దానిలోనే ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

కాంట్రాస్ట్ నేర్పడానికి ఒక్క నల్లకాగితం, ఒక తెల్ల చాక్‌పీసు చాలు. తెల్లకాగితం మీద తెల్ల క్రేయాన్ రాయడం లేదని మొహం చిన్నబుచ్చుకున్న బిడ్డకు నల్లకాగితం ఇచ్చి చూడండి. లయ వినాలంటే బ్రష్‌తో చుక్కలు పెడుతున్న పిల్లల పక్కన నిలబడండి, టప్ టప్ టప్, ఒక ఆగు, మళ్లీ టప్ టప్ టప్, చెవికి వినిపించిందే కాగితం మీదా కనిపిస్తుంది. నిష్పత్తి సంగతంటారా, బంతి పట్టుకున్న రోజు పిల్లలు వేసుకున్న బొమ్మలో ఆ చెయ్యి తలకంటే పెద్దగా ఉంటుంది. లోవెన్‌ఫెల్డ్ దీన్ని కూడా గమనించారు, తమకు ముఖ్యమనిపించినదాన్ని పిల్లలు పెద్దది చేస్తారని. చెయ్యి అంత పెద్దదిగా ఎందుకుందని అడక్కుండా, ఆ చెయ్యి ఏం చేస్తోందని అడగండి, కథ మొత్తం బయటికొస్తుంది.

ఏమీ చూపించొద్దు, పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయమంటున్నానా? లేదు. ఈ అపోహ వల్లే చాలామంది టీచర్లు నా మాట వినకుండా వెళ్లిపోతారు. పనిముట్టు ఎలా వాడాలో చూపించాలి, తప్పకుండా చూపించాలి. బ్రష్‌ని డబ్బా అంచుకు రాసి ఎక్కువైన రంగు దించుకోవడం, వెంట్రుకలు విరగకుండా లాగడం, రెండు మట్టిముక్కలు అతకాలంటే రెండువైపులా గాట్లు పెట్టి పల్చటి మట్టినీళ్లు రాసి నొక్కడం, కత్తెర పట్టుకున్న చెయ్యి కదలకుండా ఉంచి కాగితం తిప్పడం, ఇవన్నీ నేర్పకపోతే పిల్లలు విసిగిపోతారు. మట్టి ఏనుగు చెయ్యి అని కాళ్లు అతికించి చూపించడం వేరు, మట్టిని మట్టికి ఎలా అతకాలో చూపించి వదిలేయడం వేరు. మొదటిదానిలో ముప్పై ఏనుగులు వస్తాయి. రెండోదానిలో ఏం వస్తుందో ముందే చెప్పలేం.

చూపించడంలో ఎంత జాగ్రత్త అవసరమో చెప్పే పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. ఎలిజబెత్ బోనవిట్జ్, లారా షుల్జ్, వాళ్లతో పనిచేసినవాళ్లు కలిసి ఒక కొత్త ఆటబొమ్మ తయారుచేశారు, అది నాలుగు రకాలుగా పనిచేస్తుంది, ఒకచోట లాగితే కీచుమంటుంది, ఇంకోచోట లైటు వెలుగుతుంది, ఇలా. కొంతమంది పిల్లలకు పెద్దవాళ్లు చూడండి, ఇది ఇలా పనిచేస్తుంది అని కీచుమనే భాగాన్ని టీచర్‌లా చూపించారు. మిగతావాళ్లకు అలా పాఠంలా చెప్పలేదు. పాఠంలా విన్న పిల్లలు ఎక్కువగా ఆ ఒక్కదానితోనే ఆడుకుని, మిగతా వాటిని తక్కువగా కనిపెట్టారు. టీచర్ చూపించిందంటే ఉన్నది ఇంతేనేమో అనుకున్నారు, పిల్లల వైపు నుంచి చూస్తే అది తెలివైన ఆలోచనే. ప్రతి ఆర్ట్ పీరియడ్‌కి ముందు పైకెత్తి చూపించమని మీరు పంపే శాంపిల్ కూడా సరిగ్గా ఆ పనే చేస్తుంది.

"నాకు రాదు, నువ్వే వెయ్యి" అనే పిల్లలు మీకు తెలుసు. మూడేళ్లప్పుడు ఏ బిడ్డా అలా అనదు. శాంపిల్ పక్కన తన బొమ్మ పెట్టి చూసుకోవడం అలవాటయ్యాక అంటుంది. ఆ మాట విన్నప్పుడు టీచర్ వేసి ఇచ్చేస్తే పిల్ల ఆ పూటకి సంతోషిస్తుంది, రేపు మళ్లీ వస్తుంది. నేనైతే కుక్క వెయ్యమంటే, "దాని చెవులు నిలబడి ఉంటాయా, వేలాడతాయా? వేలితో గాల్లో గీసి చూపించు" అంటాను, చెవి వచ్చాక తోక సంగతి అడుగుతాను. ఒక్కోసారి ఇరవై నిమిషాలు పడుతుంది, మీ ప్లాన్‌లో ఆ ఇరవై నిమిషాలు ఉండవు.

స్టార్లు, స్మైలీలు, బెస్ట్ డ్రాయింగ్ బహుమతులు, వీటి గురించి గట్టిగా చెప్పాలి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే తమంతట తామే ఇష్టపడే పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. ఇంకొందరికి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులు తరగతిలో మామూలుగా పెట్టి, ఎవరెంతసేపు వేస్తున్నారో చాటుగా చూశారు. బహుమతి వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. బహుమతి కోసం వేసిన ఆ బొమ్మలు కూడా మిగతావాటికంటే నాసిగా ఉన్నాయని, ఎవరు వేశారో తెలియకుండా చూసినవాళ్లు చెప్పారు. ఆ పిల్లలు బొమ్మలంటే ఇష్టం లేనివాళ్లు కాదు, అది గుర్తుపెట్టుకోండి. ఇష్టమున్న పిల్లల ఇష్టాన్నే బహుమతి తగ్గించింది. ఈ సంగతి తెలిసి ఇన్నేళ్లయ్యాక కూడా నాలుగేళ్ల పిల్లలకు డ్రాయింగ్ పోటీ పెట్టి ఫస్ట్, సెకండ్ అని నిలబెడుతున్నామంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మెచ్చుకోవద్దా అంటే, చూసింది చూసినట్టు చెప్పండి. వెరీ గుడ్ అనడం సులువు, కాగితం వైపు చూడకుండా కూడా అనొచ్చు, పిల్లలకి అదీ తెలిసిపోతుంది. "ఇక్కడ గీత బాగా మందంగా ఉంది, ఇటొచ్చేసరికి సన్నబడింది" అని ఒకసారి ఒక పిల్లతో అంటే, "అక్కడ వాడు పరిగెత్తాడు, ఇక్కడ అలిసిపోయాడు" అంది. నేనెంతసేపు చూసినా నాకు ఆ గీతలో మనిషి కనిపించేవాడు కాదు. ఇదేంటి అని అడిగి ఉంటే ఆ పిల్ల టక్కున ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకునేది.

పేరెంట్స్ అడుగుతారండీ అని మీరంటారు, ఫీజు కడుతున్నారు, ఏదో ఒకటి చక్కగా కనబడాలి అంటారు. ఆ టెన్షన్ మీకుందని తెలుసు, తేలిగ్గా తీసిపారేయడం లేదు. కానీ పేరెంట్స్ అందమైన సీతాకోకచిలుకని అడుగుతున్నారంటే, వాళ్లకు మనం ఇప్పటిదాకా చూపించింది అదే కాబట్టి. బొమ్మ పక్కన రెండు వాక్యాలు రాసి పెట్టండి: ఈ వారం మీ పాప గీతను మొదలైన చోటికి తెచ్చి కలపడం కనుక్కుంది, అలా ఎన్నిసార్లు చేసిందో చూడండి, అని. మూడు నెలల కిందటి కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టండి. ఇటలీలోని రెజ్జో ఎమీలియా ఊళ్లో లోరిస్ మలగుజ్జి తీర్చిదిద్దిన ప్రీస్కూళ్లు పేరు తెచ్చుకున్నది ఇలాంటి పనికే. 1963లో మొదలైన ఆ మునిసిపల్ బడుల్లో ఆర్ట్‌కి విడిగా ఒక గది, ఆర్ట్ తెలిసిన ఒక మనిషి ఉంటారు, పిల్లలు పనిచేస్తూ అన్న మాటలు, మధ్యలో తీసిన ఫొటోలు, మార్చుకున్న ఆలోచనలు గోడ మీదికి వస్తాయి. అక్కడ గోడ చూస్తే పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో తెలుస్తుంది. మన గోడ చూస్తే టీచర్‌కి కత్తెర ఎంత బాగా వచ్చో తెలుస్తుంది.

వాళ్లలాంటి గది మనకెక్కడిది అనుకోకండి, గది అడగడం లేదు. అడిగేవి చాలా మామూలువి. చిన్న కాగితం బదులు పెద్దది, ఎందుకంటే ఈ వయసులో గీత వచ్చేది భుజం నుంచి, మోచేతి నుంచి, వేళ్ల అదుపు తర్వాత వస్తుంది. వెనకవైపు ఖాళీగా ఉన్న పాత పోస్టర్లయినా పరవాలేదు. లావుపాటి బ్రష్‌లు. మట్టి, రోజూ, తడిగుడ్డ కప్పి ఒకే మూల. ముప్పై రకాల మెరుపు సామాను కొనే బదులు మూడు నాలుగు రకాలే నెలల తరబడి ఉంచండి, మొదటిరోజు పిల్లలు మట్టిని గుద్దుతారు, గుచ్చుతారు, అంతే. పాముల్లా దొర్లించడం, ఉండలు చేయడం, నిలబెట్టడం అనేవి ఎన్నోసార్లు ముట్టుకున్నాక వస్తాయి. రోజూ మెటీరియల్ మారిస్తే పిల్లలు ప్రతిరోజూ మొదటిరోజులోనే ఉండిపోతారు. ఇంకొకటి, సమయం. వారానికి ఒకసారి అరగంట ఆర్ట్ పీరియడ్‌లో ఏప్రాన్లు కట్టి విప్పేసరికే సగం పోతుంది. రోజూ ఒక బల్ల తెరిచి ఉంచితే, ఇష్టమున్న నలుగురు వచ్చి కూర్చుంటారు, నిన్నటి పని ఇవాళ కొనసాగిస్తారు. అలాగే, చేసింది దాచుకునే ఒక అల్మరా అర. తెల్లారేసరికి తను కట్టింది కూల్చేసి ఉంటుందని తెలిస్తే ఎవరు మాత్రం పెద్దది కడతారు?

వస్తువులొక్కటే సరిపోవు. రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1930లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది: ఊహ శూన్యంలోంచి రాదు, అనుభవంలోంచి వస్తుంది, అనుభవం ఎంత ఎక్కువుంటే ఊహకు అంత ముడిసరుకు. చెట్టు వెయ్యమనే ముందు చెట్టు దగ్గరికి తీసుకెళ్లనివ్వండి, బెరడు తడమనివ్వండి, దాని మీద కాగితం పెట్టి క్రేయాన్ అడ్డంగా రుద్దనివ్వండి. గోధుమరంగు కాండం మీద పచ్చ మబ్బు లాంటి ఆకారం వేసి అదే చెట్టు అని నేర్పింది మనమే, ఏ చెట్టూ అలా ఉండదు.

గచ్చు పాడవుతుంది, బట్టలు పాడవుతాయి అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. పాత దుప్పటి పరిచి, నీళ్ల బకెట్ దగ్గర పెట్టి, తుడవడం కూడా పిల్లలకే నేర్పితే సరిపోతుంది, వాళ్లకది ఇష్టం కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది టీచర్ల ట్రైనింగ్. మాకు జరిగే వర్క్‌షాపుల్లో క్రియేటివిటీ మీద స్లైడ్లు చూపిస్తారు, చివర్లో ఒక క్రాఫ్ట్ నేర్పి పంపుతారు, అదే వచ్చే నెల శాంపిల్ అవుతుంది. నాకు తెలిసిన చాలామంది టీచర్లు చిన్నప్పుడు ఎవరో నీకు డ్రాయింగ్ రాదు అన్న దగ్గర ఆగిపోయినవాళ్లు, అప్పటి నుంచి బ్రష్ ముట్టుకోలేదు. ముట్టుకోనివాళ్లకు పిల్లల చేతిలో ఏం జరుగుతోందో ఎలా కనిపిస్తుంది? స్లైడ్లు ఆపి, మమ్మల్ని మట్టి ముందు కూర్చోబెట్టండి. నల్లకాగితం మీద తెల్లగీతతో ఒక పూట గడపనివ్వండి. పసుపు, నీలం మధ్య ఎన్ని పచ్చలు వస్తాయో మేమే కలిపి చూడాలి. తర్వాత పిల్లల కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచి, ఇందులో గీత ఏం చేస్తోంది, ఖాళీ జాగా ఎక్కడ వదిలాడు, రేపు ఈ పిల్లకి ఏమిస్తే బాగుంటుంది అని నలుగురం కలిసి మాట్లాడుకునే గంట ఒకటి కావాలి, నెలకొకసారైనా. ఇంట్లో కూర్చుని రెక్కలు కత్తిరించే సాయంత్రాలు మిగిలితే ఆ గంట దొరక్కపోదు.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు. జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన చిన్నపిల్లల బడి పద్ధతిలోనే మట్టి, కాగితం మడతలు, అల్లిక, బ్లాకులు ఉన్నాయి. ఫ్రాంజ్ చిజెక్ అనే ఆర్ట్ టీచర్ వియన్నాలో 1897 నుంచి పిల్లల్ని పెద్దల బొమ్మలు దించమనకుండా సొంతంగా వేయనిచ్చారు. 1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటతోపాటు కళల్లో స్వేచ్ఛగా పాల్గొనడాన్నీ పిల్లల హక్కుగానే రాసింది. మన బ్రోషర్లలోనూ క్రియేటివిటీ అని పెద్ద అక్షరాలతో ఉంది.

కాబట్టి నా అభ్యర్థన ఇది. వచ్చే టర్మ్‌లో ఒక నెల శాంపిళ్లు పంపకండి, కలరింగ్ షీట్లు పంపకండి, బొమ్మల మీద స్టార్లు వేయమనకండి. ఆ నెల బోర్డు ఎలా ఉంటుందో టీచర్లకు, పిల్లలకు వదిలేయండి. మాకు పెద్ద కాగితాలు, మూడు రంగులు, మట్టి, తెరిచి ఉంచే ఒక బల్ల ఇప్పించండి. మీరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు గోడ చూసి వెళ్లకుండా ఆ బల్ల దగ్గర పదిహేను నిమిషాలు కూర్చోండి, ఏమీ అడక్కుండా. నెలాఖరు మీటింగ్‌లో ప్రతి బిడ్డవీ రెండు మూడు కాగితాలు పట్టుకుని, ఏం మారిందో పేరెంట్స్‌కి చెప్పే బాధ్యత మేం తీసుకుంటాం, వాళ్లకు నచ్చకపోతే జవాబూ మేమే చెప్పుకుంటాం. ఏ నెల ఇస్తారో చెప్పండి, దానికి ప్లాన్ రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక నర్సరీ టీచర్